నలభై నిమిషాలు వెనక

ఆ పొద్దున ఆకాశం కురవాలో వద్దో తేల్చుకోలేక, బూడిద రంగులో ఊరికే వేలాడుతోంది. వాచీలు బాగుచేసే పెద్దాయన గొడుగు తీసుకున్నాడు, పెట్టేశాడు, మళ్లీ తీసుకున్నాడు. ఇలాంటి వాటికి తీర్పు చెప్పే మనిషి పోయి పదకొండు నెలలైంది.

పాత నగరంలో చూడాల్సినవి ఏడని ఆవిడ క్యాలెండరు వెనక రాసి పెట్టుకుంది. "ఈ ఆదివారం కొట్టు కట్టేద్దామా?" అని ముప్పయ్యేళ్లు అడిగింది. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని "వచ్చే ఆదివారం" అన్నాడు. ఏడోది కోటలోని గుండ్రటి మందిరం. గోడకి ఈ చివర గుసగుసలాడితే ఆ చివర వినబడుతుందట. "మీరటు నిలబడండి, నేనిటు నుంచి ఓ మాట చెప్తాను" అనేది. ఆ మాటేమిటో చెప్పకుండానే వెళ్లిపోయింది. ఆ గోడకి ఒక్కసారి చెవి ఆనించి రావాలని ఆయన యాత్ర బస్సుకి టికెట్టు కొన్నాడు. దారిలో హోటలు దగ్గర ఆగితే నోరు దాని అలవాటు కొద్దీ "రెండు భోజనాలు కట్టండి" అంది.

బస్సులో పక్క సీటు టీచరమ్మది. రిటైరైనా గొంతు మాత్రం ఇంకా క్లాసులోనే ఉంది.

"ఒక్కరే వచ్చారా?"

"ఆఁ."

"నేనూ అంతే. బస్సులో మాట్లాడితే నాకు కళ్లు తిరుగుతాయి" అని కళ్లు మూసేసుకుంది.

ఆరు కట్టడాలూ ఆయన ఒంటరిగానే చూశాడు. వెళ్లిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఫోను చేతికిచ్చి "అంకుల్, ఒక్క ఫొటో తీయరా?" అన్నారు. పద్నాలుగు కుటుంబాలకి తీశాడు. ఆయన్ని ఎవరూ తీయలేదు. మధ్యాహ్నం సంచి తెరిచి, రెండు పొట్లాలూ చూసి, ఒకటే విప్పబుద్ధి కాక మూసేశాడు.

కోట చేరేసరికి మూడూ నలభై అయిదు. గైడు అందర్నీ చుట్టూ నిలబెట్టుకుని ఏదో చెబుతున్నాడు. ఆయన చూపు మాత్రం బురుజు మీదికి పోయింది. అక్కడి గడియారంలో మూడూ అయిదు. ఆయనకి పంట్లో పీచు ఇరుక్కున్నట్టయింది.

"నలభై నిమిషాలు వెనకుందయ్యా" అన్నాడు, దానికి కీ ఇచ్చే మనిషితో.

"మా తాత నాటి నుంచీ అంతే పెద్దాయనా. ఊరికి అలవాటైపోయింది. దాని జోలికెళ్లకండి" అని అతను టీకి పోయాడు. మెట్ల తలుపు తీసే ఉంది.

జేబులో స్క్రూడ్రైవరు లేకుండా ఆయన ఏనాడూ గడప దాటలేదు. పైకెక్కి, మర వదులు చేసి, తన వాచీతో కలిసేదాకా ముల్లు జరిపి బిగించాడు. చాలా నెలల తర్వాత ఒక పని చేసినట్టనిపించింది.

ఆయన వినకుండా వదిలేసిన గైడు మాట ఇదీ: "ఈ గడియారం అయిదు కొట్టగానే గేటు మూస్తారు. కానీ అది నలభై నిమిషాలు వెనక. మీ వాచీల్లో అయిదున్నర దాకా తీరిగ్గా తిరగండి."

అయిదు కొట్టింది. వాచీ ఎరగని గేటు మనిషి ఓ ఈల ఊది, తాళం వేసి, సైకిలెక్కాడు. బయట బస్సులో నిద్రపోతున్న డ్రైవరు గంటలకి ఉలిక్కిపడి లేచి, అలవాటు ప్రకారం నలభై కలిపాడు. మూసిన గేటు చూసి, ఆఫీసుకి పోయి "నలభై మంది కనబడ్డం లేదు" అన్నాడు. ఆఫీసులో గుమాస్తా మరీ బాధ్యత గల మనిషి. టికెట్లు ముందేసుకుని అందరి ఇళ్లకీ ఫోన్లు చేశాడు.

అయిదున్నరకి జనం గేటు దగ్గరికొచ్చేసరికి అందరి జేబులూ మోగుతున్నాయి.

"అమ్మా, తప్పిపోయారటగా!"

"తప్పిపోలేదే, తాళం వేసేశారు!"

"ఎవరు బంధించారు? పోలీసులకి చెప్పనా?"

ఆయన ఫోను మాత్రం మోగలేదు. తీసి చూశాడు. బాగానే పనిచేస్తోంది.

"ఆ గడియారాన్ని కెలికిన మహానుభావుడెవరండీ?" అని అరిచాడు గైడు.

ఆయన చెయ్యెత్తాడు. చేతిలో స్క్రూడ్రైవరుంది. నలభై మంది చూశారు. ఆ చూపుల కింద నిలవలేక ఆయన మెల్లగా గుండ్రటి మందిరంలోకి జారుకున్నాడు. వచ్చిన పని ఒకటి మిగిలే ఉంది.

లోపల అవతలి చివర కనబడనంత చీకటి. గోడకి చెవి ఆనించాడు. చల్లటి రాయి. ఏమీ లేదు. అవతలి చివర ఒక మనిషి ఉండాలన్న సంగతి, ఇంత దూరం వచ్చాక గానీ ఆయనకి తట్టలేదు.

అప్పుడు రాయిలోంచి స్పష్టంగా వినబడింది. "బాగున్నదాన్ని బాగుచేసే మనిషి! చెయ్యి ఊరుకోదు, నోరు పెగలదు."

ఆయన చెవిని రాయికి ఇంకా గట్టిగా ఆనించాడు. మిక్సీ విషయంలో, ఫ్యాను విషయంలో, ముప్పయ్యేళ్లు వంటింట్లోంచి విన్నవి సరిగ్గా ఈ మాటలే.

"ఇంకోసారి అనండి" అన్నాడు గోడతో.

అవతల కెవ్వుమన్న కేక. టీచరమ్మది. "ఎవరది?"

"గడియారం సరిచేసినవాణ్ణి."

రాయి గొంతు తగ్గించి అడిగింది. "అంతా వినబడిందా?"

"ఆఁ."

"...నాకు ఆకలేస్తోంది."

"రెండు పొట్లాలున్నాయి."

గేటు మనిషిని వెతకడానికి డ్రైవరు వెళ్లాడని గైడు కబురు తెచ్చాడు. వాళ్లిద్దరూ మందిరం అరుగు మీద, మధ్యలో గొడుగు పెట్టుకుని కూర్చున్నారు. పొట్లాలు విప్పారు. చల్లారిన అన్నాన్ని చివరి ముద్ద దాకా తిన్నారు.

పైన గంట ఏడు కొట్టింది. ఆయన వాచీ చూసుకున్నాడు. సరిగ్గా ఏడు. ఎవరూ మెచ్చుకోలేదు.