తొలి గుక్క మహోత్సవం

"స్ట్రంబేని పట్టణ ప్రజల చిరకాల వాంఛ నేటితో నెరవేరింది. బద్ధశత్రువులైన రెండు రక్తపిశాచ పక్షాలు ప్రజాశ్రేయస్సును దృష్టిలో పెట్టుకుని చేతులు కలిపి ఉమ్మడి ప్రభుత్వం ఏర్పాటు చేస్తున్నాయి. కొత్త సంవత్సరం నాడు జరిగే పదవీ స్వీకార మహోత్సవంలో తొలి గుక్క సమర్పించే మహద్భాగ్యం స్వాగత సంఘం అధ్యక్షులు శ్రీ ఆక్సెంటె గారికి దక్కింది."

ఈ ప్రకటన మునిసిపాలిటీ గోడ మీద అంటించగానే ఊరంతా వచ్చి చదివింది. చదివి, నా మెడ వంక చూసింది.

ఆ శ్రీ ఆక్సెంటె నేనే. మునిసిపాలిటీ ఎదురుగా, చోర్బా అనే మా పుల్లటి సూపు అమ్మే హోటలు నాది. ఎవరు గెలిచినా స్వాగత సంఘానికి అధ్యక్షుణ్ణి కూడా నేనే. గెలిచినవాళ్లకి రొట్టె, ఉప్పు పళ్లెంలో పెట్టుకుని ఎదురు వెళ్తాను. ఆ తర్వాత కౌన్సిలు మీటింగులకి భోజనాలు మా హోటల్నుంచి వెళ్తాయి. మా నాన్న కూడా ఇలాగే చేశాడు. ఇన్నాళ్లూ రొట్టెతో సరిపోయింది, ఈసారి రొట్టె చాలలేదు, అంతే తేడా.

మా రొమేనియాలో మరణానంతర పౌరసత్వ చట్టం వచ్చాక రక్తపిశాచాలను ఆ మాటతో పిలవడం మర్యాద కాదు, మరణానంతర పౌరులు అనాలి, మునిసిపాలిటీ గుమాస్తాకి మాత్రం పాత అలవాటు పోలేదు. వాళ్లకి ఓటు హక్కిస్తే దేశం ఏమైపోతుందోనని పత్రికలు బెంగపెట్టుకున్నాయి గాని మా ఊళ్లో ఎవరూ కంగారు పడలేదు. చచ్చినవాళ్లు ఓటెయ్యడం మాకు కొత్త కాదు. ఇదివరకు వాళ్ల తరఫున వేరేవాళ్లు వేసేవారు, ఇప్పుడు స్వయంగా వచ్చి వేస్తున్నారు. ప్రజాస్వామ్యం ముందడుగు వేయడమంటే ఇదేనని నేను అప్పుడే అన్నాను.

దేశమంతా వాళ్లలో రెండు పార్టీలు. మొదటిది పాత కోట పార్టీ. మా ఊళ్లో దాని నాయకుడు హ్రిసాంత్ దొర. కొండమీద కోట ఆయనదే, కోట కింద సమాధీ ఆయనదే. వంశం గలవాడు, నల్ల శాలువా లేకుండా బయటికి రాడు. రెండోది నవరక్త పార్టీ. దాని నాయకురాలు ఆగ్లాయా మేడం. ఆవిడ చనిపోయి ఎంతో కాలం కాలేదు, చనిపోయే ముందు బ్రసెల్స్‌లో చదువుకుంది. ఏ మీటింగుకి వచ్చినా లాప్‌టాప్ తెచ్చి గోడమీద బొమ్మలు వేసి చూపిస్తుంది. రక్తం కూడా సీలు వేసిన ప్యాకెట్లో స్ట్రా పెట్టుకుని తాగుతుంది. మా ఊరి మేయరు ఎన్నికల్లో ఎవరు గెలిస్తే రేపు రాజధానిలో వాళ్లదే రాజ్యమని అందరూ చెప్పుకుంటున్నారు గనక, ఇద్దరూ చలిని కూడా లెక్కచెయ్యకుండా తిరిగారు. చలి వాళ్లకి తెలియదనుకోండి, అయినా తిరగడం తిరగడమే.

ఒక మాట ఒప్పుకోవాలి. అంతటి మర్యాద గల అభ్యర్థులను నేను చూడలేదు. "లోపలికి రావచ్చా?" అని అడగందే గుమ్మం దాటరు. పిలవందే రాలేకపోవడం వాళ్ల జాతి లక్షణమని కొందరంటారు. కారణం ఏదైతేనేం, ఇంతకుముందు మనుషుల పార్టీలవాళ్లు తిన్నగా వంటింట్లోకి వచ్చి మూతలు తీసి చూసేవారు.

ఎన్నికల్లో అసలు సమస్య ఒక్కటే. మెడా, చెయ్యా? మెడ మన సంస్కృతి అని దొరగారి వాదం. పెదవి తగలని రక్తంలో ఆత్మీయత ఎక్కడుంటుందని ఆయన సభలో గద్గదస్వరంతో అడిగితే ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మెడ అనాగరికం అని మేడం వాదం. సూదితో చేతినుంచి తీస్తారు, తర్వాత కమలాపండు రసం ఇస్తారు, బిస్కట్ ఇస్తారు, వద్దంటే ఫిర్యాదు చెయ్యడానికి ఫోన్ నంబరు కూడా ఇస్తారు. ఊరు రెండుగా చీలింది. మెడవాళ్లు మంచులో మఫ్లర్లు తీసేసి తిరిగారు, చేతివాళ్లు చొక్కా చేతులు పైకి మడుచుకుని తిరిగారు. జలుబు మాత్రం రెండు పక్షాలకీ సమానంగా పట్టింది.

రెండు పార్టీల అధినేతలూ కలిసి మాట్లాడిన సభ మా హోటల్లోనే జరిగింది. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగితే మా ఆవిడ సావేత వంటింట్లోంచి గరిటెతో వచ్చి నిలబడింది.

"దొరగారూ, అమ్మా, నాదొక చిన్న అనుమానం. మెడా వద్దు, చెయ్యీ వద్దు అనుకునేవాళ్లు ఎక్కడ ముద్ర వెయ్యాలి?"

అంతవరకూ ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇద్దరు నాయకులూ ఆ క్షణంలో ఒకరినొకరు చూసుకున్నారు. ఇది ప్రజాస్వామ్యానికే ముప్పు తెచ్చే ధోరణి అని దొరగారన్నారు. అటువంటి గుర్తేదీ బ్యాలెట్ మీద లేదని మేడం లాప్‌టాప్‌లో చూపించింది. ఆ రోజు కుదిరిన ఏకాభిప్రాయమే తర్వాత ఉమ్మడి ప్రభుత్వానికి పునాది అయిందని చరిత్రకారులు రాయాలి.

ఎందుకంటే ఓట్లు సరిసమానంగా వచ్చాయి. నాలుగైదు సార్లు చర్చలు జరిపి, ఇద్దరూ మేయర్లే అని తేల్చుకున్నారు. మెడా ఉంటుంది, చెయ్యీ ఉంటుంది. దొరగారు మెడనుంచి తాగుతుండగా మేడం మనుషులు చేతినుంచి తీసుకుంటారు. ఒకరికొకరు అడ్డం రారు. ముందు స్వాగత సంఘం అధ్యక్షుడు, ఆ తర్వాత వీధుల వరసలో మిగతా ఊరు.

ఈ వార్త చెప్పడానికి దొరగారు స్వయంగా హోటలుకి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఒరే ఆక్సెంటె, మీ ముత్తాత రుచి నాకింకా నాలుకమీదే ఉందిరా. వంశం పేరు నిలబెట్టాలి."

నిలబెడతానన్నాను. నిజం దాచుకోవడమెందుకు, చచ్చేంత భయం వేసింది. ఈ గౌరవం ఎవరికైనా వదులుకుంటానని ఊరంతా తిరిగాను. మన బేకరీ ఆయన తనకంత అర్హత లేదన్నాడు. బడి పంతులుగారు తన రక్తం పలచన అన్నారు. ఎన్నికలప్పుడు మఫ్లరు తీసేసి తిరిగినవాళ్లంతా రెండేసి మఫ్లర్లు చుట్టుకుని, నీకే తగును అన్నయ్యా, అన్నారు.

"రొట్టె పట్టుకుని ఎగబడ్డప్పుడు తెలియలేదా?" అంది సావేత. మర్నాడు పొద్దున రక్తం పడుతుందని నాకు బీట్‌రూటు వండి పెట్టింది. పండగ దాకా నాలుగు రోజులూ అదే పెట్టింది.

కొత్త సంవత్సరం వచ్చింది. మా వైపు ఆ రోజు ఎవరింటికి వెళ్లినా, ఇంటివాళ్ల మీద గుప్పెడు గోధుమలు చల్లి, ఏడాదంతా సుభిక్షంగా ఉండాలని దీవిస్తాం. నడక వచ్చిన దగ్గర్నుంచి చేసే పని గనక చెయ్యి దానంతటదే లేస్తుంది. నాలుగింటికే చీకటి పడింది. కౌన్సిలు హాలు కిటికీలకి దళసరి తెరలు కట్టించాం. నేను గుమ్మంలో నిలబడి, "దయచేయండి" అన్నాను. రెండు పార్టీలవాళ్లూ దయచేశారు. వెనక తలుపు మూశారు. దొరగారు శాలువా సవరించుకున్నారు, మేడం మనిషి సూది బయటికి తీశాడు. నేను ఆచారం మరిచిపోకూడదు కదా అని, జేబులోంచి గోధుమలు తీసి వాళ్ల మీద చల్లాను.

అంతే. అందరూ ఒక్కసారిగా మోకాళ్ల మీద కూలబడ్డారు.

చేతులు జోడించబోతున్నారేమో, మన సంప్రదాయమంటే ఎంత గౌరవం అని ముందు మురిసిపోయాను. తర్వాత చూస్తే, గింజలు లెక్కపెడుతున్నారు. నేలమీద గింజలు చెల్లాచెదురుగా పడి ఉంటే చివరిదాకా లెక్కపెట్టందే వాళ్లు లేవలేరట. మా అమ్మమ్మ ఈ సంగతి చెప్పేది. ముసలావిడ మాటలని వినలేదు.

లెక్క తొందరగానే పూర్తయ్యేది గాని రెండు పార్టీలాయె. విరిగిన గింజను గింజ కాదని పాత కోట వాళ్లు వదిలేశారు. విరిగితే రెండు గింజల కింద రాయాలని నవరక్తం వాళ్లు పట్టుబట్టారు. లెక్కలు కలవలేదు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలన్నారు. దానికొక సంఘం వేశారు. లెక్క కలిసే సమయానికి పిచ్చుక ఒకటి దూరి ఓ గింజ ఎత్తుకుపోయింది. పిచ్చుక ఏ పార్టీదని విచారణ మొదలైంది.

మేము మాత్రం మర్యాదకి లోటు రానివ్వలేదు. పని మీద మునిసిపాలిటీకి వచ్చిన ప్రతివాడూ హాలులోకి తొంగి చూసి, సుభిక్షంగా ఉండండి బాబూ అని ఓ గుప్పెడు చల్లి పోయేవాడు. సావేత అయితే రోజూ ఏప్రన్ నిండా తీసుకొచ్చేది.

ఆ ఏడాది మా ఊరు బాగుపడ్డట్టు ఎప్పుడూ బాగుపడలేదు. సంతకం పెట్టేవాళ్లు నేలమీద ఉన్నారు గనక ఎవరూ ఏమీ తినలేకపోయారు. రోడ్డుకి వచ్చిన డబ్బు రోడ్డుకే ఖర్చయింది. ఆపమని చెప్పేవాడు లేక కొళాయిల్లో నీళ్లు రోజంతా వచ్చాయి. గుమాస్తాలు తోచక పని చేశారు. నా మెడ నా దగ్గరే ఉంది. అద్దంలో చూసుకున్నప్పుడల్లా సంతోషంతో ఈల వేసేవాణ్ణి. ఆకలితో అలమటిస్తూ కూడా విధి వదలని మేయర్లు ఇంకే ఊరికున్నారని రాజధాని పత్రికకి నేనే ఉత్తరం రాశాను. పొగడ్త విషయంలో నా చెయ్యి ఆగదు. అక్కడే చెడింది.

దేశంలోకెల్లా ఉత్తమ పట్టణంగా స్ట్రంబేనిని ఎంపిక చేశారు. కప్పు ఇవ్వడానికి పరిపాలనా శాఖ మంత్రి పామ్ఫిల్ గ్రోజావు గారు వచ్చారు. ఆయన మనిషే. మిట్టమధ్యాహ్నం ఎండలో కారు దిగి, మా హోటల్లో వెల్లుల్లి వేసిన చోర్బా రెండు గిన్నెలు తాగి, కప్పు చంకన పెట్టుకుని హాలులోకి వెళ్లారు. వెనక నేను, నా వెనక సావేత, ఇంకా ఊరి పెద్దలూ. తెరలు వేసిన చీకట్లో మేయర్లిద్దరూ మోకాళ్ల మీద, చెరో మూల. తలెత్తి చూడలేదు.

"ఏం చేస్తున్నారయ్యా వీళ్లు?" అన్నారు మంత్రిగారు.

గింజలు లెక్కపెడుతున్నారని, తేలందే లేవలేరని చెప్పాను. లోలోపల గర్వంగానే చెప్పాను. మంత్రిగారు ఓ మూల ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుని, దొరగారి భుజం తట్టారు.

"ఎంత తేలింది?"

"ఇంకా తేలలేదండీ."

"సరే, మీకెంత రావాలి?"

దొరగారికి ప్రశ్న అర్థం కాలేదు. ఆ వయసులో కొత్త విషయం పట్టుబడడం కష్టం. మేడం మాత్రం గింజ పట్టుకున్న చేతిని గాలిలో ఆపి చూసింది.

"ఎంత కావాలో ఓ అంకె అనుకోండి. అంతే ఉన్నాయని ప్రకటించండి. లెక్క అయిపోయినట్టే. ఇంతమంది చదువుకున్నవాళ్లున్నారు, ఈ మాత్రం తెలియదా?"

"కానీ అన్ని ఉండవు కదండీ," అన్నారు దొరగారు.

"ఎవరు లెక్కపెట్టొచ్చారు?"

వందలేళ్లుగా ఆ జాతిని గుప్పెడు గింజలు ఆపుతూ వచ్చాయి. తన తాతముత్తాతలు ఇలాగే గుమ్మాల దగ్గర లెక్కపెడుతూ కూర్చుని, పొద్దుపొడిచి, బూడిదైపోయారని దొరగారు చెప్పారు. ఈ ఒక్క మాట వాళ్లకి చెప్పిన పుణ్యాత్ముడు లేకపోయాడన్నారు. చెప్పి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, మెల్లగా లేచి నిలబడ్డారు. ఒక్కొక్కరే అందరూ లేచారు. బట్టలు దులుపుకున్నారు. ప్రధాన కార్యాలయాలకి ఈ సంగతి వెంటనే తెలియజేయాలని రెండు పార్టీలవాళ్లూ ఫోన్లు తీశారు.

సావేత ముందుకొచ్చి ఏప్రన్‌లో ఉన్న గోధుమలన్నీ మేడం కాళ్ల ముందు గుమ్మరించింది. సుభిక్షంగా ఉండమని కూడా అనలేదు. పిడికిళ్లు బిగించి నిలబడింది. మేడం కిందికి ఒక్కసారి చూసింది.

"కోటి," అంది. గింజల మీదుగా నడిచి వచ్చింది.

మంత్రిగారు చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లూ కొట్టారు. ఇంత త్వరగా నేర్చుకునే పాలకులు దొరకడం మన అదృష్టమని నేను కూడా అన్నాను. అలవాటు. కప్పు మేయర్లిద్దరి చేతుల్లో పెట్టి ఫొటో తీశారు. ఫొటోలో మంత్రిగారూ, కప్పూ మాత్రమే పడ్డాయి, మరణానంతర పౌరులు ఫొటోల్లో పడరు. ఆయన కారెక్కి వెళ్లిపోయాక దొరగారు చుట్టూ చూశారు.

"ఏడీ మన స్వాగత సంఘం అధ్యక్షుడు?"

సావేత నా చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. అయినా ఊరి పెద్దలంతా నాకు దారి ఇచ్చారు. నేను వెళ్లి, మఫ్లరు విప్పాను. చొక్కా చెయ్యి మడిచాను. మేడం మనిషి సూది తుడిచాడు. ఎంత తాగుతారు మేడం, అని అడిగాను.

"భయపడకండి ఆక్సెంటె గారూ, ఒక్క గుక్కే," అంది ఆవిడ. "ప్రకటించేశాం కదా."