నూట ఇరవై ఎనిమిది ఖాళీ గళ్ళు

ఒక పెద్ద అడవిలో గవర్రాజు అనే ముంగిస టైపింగ్ సెంటరు తెరిచిన రోజున దాని పెట్టుబడి ఒక పాత కంప్యూటరు, రెండు వందల యాభై ఆరు గళ్ళున్న ఒక పట్టిక.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అంకె గడిలో ఏది కూర్చుంటే తెరమీద అదే వేస్తుంది. సగం గళ్ళలో ఇంగ్లీషు అక్షరాలూ, అంకెలూ, చుక్కలూ ఎప్పుడో కుదురుకున్నాయి. అవి అడవంతటా ఒకటే. మిగతా నూట ఇరవై ఎనిమిదీ ఖాళీ.

"ఖాళీ ఉందంటే మనదే!" అంది గవర్రాజు. వలస పక్షుల పేర్లలో నెత్తిన గీతలూ, టోపీలూ పెట్టుకున్న అక్షరాలుంటాయి. వాటికి మీటలు లేవు. ఒక్క సాయంత్రంలో వాటన్నిటినీ ఖాళీ గళ్ళలో కూర్చోబెట్టేసింది.

మొదటి బేరం రెనే అనే విదేశీ కొంగ. పేరు చివరి అక్షరం మీద చిన్న ఏటవాలు గీత. ఏటి అవతల గూడు కట్టుకోవడానికి దానికి అక్కడి ఆఫీసు అనుమతి కావాలి.

"ఆరు రోజుల్లో గుడ్లు పెడతాను, గవర్రాజుగారూ."

"గుడ్లా?" ముంగిస మూతి నాక్కుంది. రెనే రెండడుగులు వెనక్కి వేసింది. "అబ్బే, లెక్క కోసం అడిగానమ్మా! దరఖాస్తు వెళ్ళడానికి ఒక రోజు, జవాబుకి ఒక రోజు. ఇంకా నాలుగు మిగులు. కాలితో ఈ మీట నొక్కిపట్టు. ముక్కుతో రెండు, మూడు, మూడు కొట్టు."

రెనే కొట్టింది. అక్షరం గీతతో సహా వచ్చింది.

రెండు రోజులకు జవాబూ వచ్చింది. "మీ పేరు చివర పుర్రె గుర్తు ఉన్నందున మీరు విషజంతువు. గూటికి అనుమతి ఇవ్వబడదు. ఇట్లు, ఎలుగుబంటి, సూపరింటెండెంటు."

గవర్రాజుకు సంగతి అర్థమైంది. కంప్యూటరు నుంచి కంప్యూటరుకు వెళ్ళేది అంకెలే. అవతలి ఆఫీసు కూడా తన ఖాళీ గళ్ళు తనే నింపుకుంది. అక్కడ రెండు వందల ముప్పై మూడో గడిలో పుర్రె కూర్చుంది.

"ఎవర్నీ అడక్కుండా నింపేసుకున్నారు, చూశావా?"

"మీరెవర్ని అడిగారు?" అంది రెనే.

"నేనడగడమేమిటి? నాది సరైన పట్టిక!"

ఆ సరైన పట్టికనే మొత్తం టైపు చేసి అవతలికి పంపింది. మరో రెండు రోజులకు ఎలుగుబంటి రాసింది: "మీ పట్టిక చూశాము. అందులోనూ ఆ గడిలో పుర్రే ఉంది. మన రెండు ఆఫీసులకూ ఏకాభిప్రాయం కుదిరినందుకు సంతోషం."

రెనే రెక్కతో పొట్ట తడుముకుంది. "ఇక రెండే రోజులు!"

గవర్రాజు ఒక ఆకు మీద బొగ్గుతో ఆ అక్షరం గీసి, కొంగ వీపెక్కి ఏరు దాటింది.

ఎలుగుబంటి ఆకును అటూ ఇటూ తిప్పింది. "ఏమిటిది? జుట్టు లేచి నిలబడినట్టుంది!"

"మీ తెరమీద పుర్రెలా కనబడేది ఇదేనయ్యగారూ."

"అయితే ఈవిడకు విషం లేదా?"

"కప్పలు తప్ప ఈవిణ్ని చూసి ఎవరూ భయపడరండి. మీ పుర్రెకి వేరే అంకె ఇద్దాం."

"మేమెందుకు మార్చుకోవాలి? మీరే మార్చుకోండి!"

"పోనీ, ఇద్దరం మార్చుకుందాం."

"మీకూ ఇబ్బందేనా?"

"చాలా ఇబ్బందండి."

"అయితే సరే," అని ఎలుగుబంటి సంతోషంగా సంతకం పెట్టింది.

రెనే అప్పటికప్పుడే పుల్లలు ఏరడం మొదలుపెట్టింది. గవర్రాజు వేళ్ళు మడిచింది. ఏటి పొడుగునా తొమ్మిది ఆఫీసులు. ఒక్కోదానికి నూట ఇరవై ఎనిమిది సొంత గుర్తులు, అంటే పదకొండు వందల యాభై రెండు. అందరికీ ఉమ్మడివి కలిపితే పన్నెండు వందల ఎనభై. గుర్తుకో అంకె, అడవికంతా ఒకే పట్టిక! కంప్యూటరు సంగతి వదిలేసి, ఆకుల కట్టా బొగ్గుముక్కా చంకన పెట్టుకుంది.

"మరి మీ సరైన పట్టిక?" రెనే కేకేసింది.

"నా ఒక్కడి దగ్గరే ఉన్న సరైన పట్టిక కన్నా, అందరి దగ్గరా ఉన్న తప్పు పట్టికే నయమమ్మా!" అంటూ ముంగిస మూడో ఆఫీసు దారి పట్టింది.