భానుప్రకాష్ మాస్టారి మూడేళ్ల ప్లాను

ఆదివారం పొద్దున నీలిమ అనుకున్న పని చిన్నదే. చిన్నారికి తొమ్మిదింటికల్లా ఉగ్గు పెట్టి, నిద్రపుచ్చి, పండుమిరపకాయలకు తొడిమలు తీసి పచ్చడి పెట్టాలి. అంతలో మొగుడు తన ఫోను తెచ్చి ఆ మిరపకాయల పక్కనే పెట్టాడు.

"ఏమే, టీచర్లందరికీ ట్రైనింగంట. పదకొండింటికి ఆఖరు. వీడియో దానంతటదే ఆడతది. మధ్యలో ప్రశ్నలొస్తే ఏదో ఒకటి నొక్కు. నేను క్షవరానికి పోయొస్తా."

భానుప్రకాష్ గురజాల పక్క ఊళ్లో లెక్కల మాస్టారు. నీలిమ మాత్రం తొమ్మిదో తరగతిలో, మిరప కోతలప్పుడు అమ్మకు జబ్బు చేస్తే బడి మానేసింది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాద్దామని తెచ్చుకున్న దరఖాస్తు రెండేళ్లుగా బియ్యం డబ్బా కింద నలుగుతోంది.

'తరగతి గది దాటి మీ ఎదుగుదల' అంటూ వీడియోలో ఒకావిడ చెబుతుంటే నీలిమ తొడిమలు తీయడం ఆపి మరీ విన్నది. ప్రశ్నలకు ఏదో ఒకటి నొక్కలేదు, ఆలోచించి నొక్కింది. చివర్లో ఫోను తెర మీద ఒక ఖాళీ గడి వచ్చింది. రాబోయే మూడేళ్లలో ఏం నేర్చుకుంటారో, ఎప్పుడు, ఎట్లా నేర్చుకుంటారో రాయాలట. మొగుణ్ణి అడుగుదామంటే ఆయన ఫోను తన చేతిలోనే ఉంది. పదకొండుకి ఐదు నిమిషాలే తక్కువ. తానేం నేర్చుకోవాలనుకుంటున్నాడో ఆ మహానుభావుడు నాలుగేళ్ల కాపురంలో ఎన్నడూ చెప్పిన పాపాన పోలేదు. నీలిమ తనకు తెలిసిందే రాసి పంపేసింది.

సోమవారం మధ్యాహ్నమే భానుప్రకాష్ చెమటలు కక్కుతూ ఇంటికొచ్చాడు.

"నేను టెన్త్ పాసవలేదని మండలమంతా చెప్పుకుంటన్నారే! మోయిన్ మాస్టారైతే, ఇన్నాళ్లూ ఎట్లా నెట్టుకొచ్చారు గురూగారూ అని చెయ్యి కలిపాడు. సర్టిఫికెట్లు పట్టుకురమ్మంది ఎంఈవో మేడం!"

బీరువాలోంచి టెన్త్ సర్టిఫికెట్ తీస్తే, పేరున్న మూల లేదు. పళ్లొస్తున్న చిన్నారి పోయిన వారం దేన్ని నమిలిందో నీలిమకు అప్పుడర్థమైంది.

"నేనూ వస్తానండీ," అని పాపను చంకనేసుకుంది.

మండల విద్యాశాఖ ఆఫీసులో ఎంఈవో రత్నకుమారి మేడం, ప్లాను ప్రింటు తీసిన కాగితం చూసి చదవసాగింది. "'ముందు పదో తరగతి పాసవ్వాలి. దరఖాస్తు బియ్యం డబ్బా కింద ఉంది. లెక్కలంటే భయం.' మీరు లెక్కల మాస్టారే కదా?"

"అది... వినయం మేడం."

"'ఆర్నెల్లలో పాలు మాన్పించాలి.' ఎవరికి?"

"నాకే మేడం. టీ చానా ఎక్కువైంది."

"'రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా చదువుకోవాలి. అప్పుడు బిడ్డను వాళ్ల నాన్న ఎత్తుకోవాలి.' ఎవరు సార్ ఆ నాన్న?"

నీలిమ ఇక ఆగలేకపోయింది. "నేను రాశా మేడం! ఆయనకేం తెలవదు. సర్టిఫికెట్ మా పాప తిన్నది గానీ, ఆయన నిజంగానే పాసయ్యాడు. ఉద్యోగం తీసేయమాకండి!"

టెన్త్ ఫెయిలైనా ఇంతకన్నా నయమనిపించింది భానుప్రకాష్‌కు.

మేడం వీడియోలోంచి మూడు ప్రశ్నలడిగింది. మాస్టారు ఫ్యాను వంక చూశాడు. పాపను ఊపుతూనే మూడింటికీ నీలిమ జవాబు చెప్పింది.

మేడం కళ్లజోడు తీసింది. "మండలంలో నూటపది మంది పంపారు. నూటతొమ్మిది ఒకదానికొకటి కాపీలు. టైము వేసుకుని రాసింది ఇదొక్కటే. అమ్మా, ఆ బియ్యం డబ్బా కింది దరఖాస్తు రేపు పట్రా, దగ్గరుండి నేనే పంపిస్తా. మాస్టారూ, మీరు ట్రైనింగు మొదట్నుంచీ మళ్లీ చెయ్యండి. ప్లాను మాత్రం మార్చమాకండి. అందులో మీ వంతు పని ఒకటే ఉంది, అది చెయ్యండి చాలు."

ఆ సాయంత్రం ఆరింటికి నీలిమ లెక్కల పుస్తకం తెరిచింది. ఎదురుగా మాస్టారు, చేతిలో ఫోను, ఒళ్లో చిన్నారి.

"ఏమే, ప్రశ్నొచ్చింది. ఏది నొక్కాలి?"

"ఏడున్నర దాకా నన్ను పలకరించమాకండి. ప్లానులో ఉంది."

ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే చిన్నారి చెయ్యి జాపి ఏదో ఒకటి నొక్కింది. కరెక్టే.