మోకు కింద మెత్తలు

ఆ పొద్దు శ్రవణ్ పెట్టుకున్న పని చిన్నదే. మల్లాపూర్ నుంచి కోరుట్ల దాక ఆటోల పోవాలె, ఆడ హైదరాబాద్ బస్సెక్కాలె. ఇంట్ల మాత్రం పండ్ల డాక్టరు దగ్గరికని చెప్పిండు.

అసలు సంగతి పండ్లది కాదు, పిర్రలది. శ్రవణ్ లగ్గానికని దుబాయి నుంచి అచ్చిండు. చేసుకోబోయే పిల్ల నవనీత వీడియో కాల్ల చూసి, "నీ ప్యాంటు దండెం మీద ఆరేసినట్టున్నది" అని నవ్వింది. నవ్వి ఆమె మర్సిపోయింది, ఇతను మర్వలే. ఆపరేషన్ చేసి పిర్రలల్ల సిలికాన్ ముద్దలు పెట్టే దవాఖానను దేవులాడి పట్టిండు. ముందటి దినం పోతె ఆ డాక్టరు రెండు నమూనాలు ఇచ్చిండు, ఒకటి గుండ్రంది, ఒకటి కోలది. "ప్యాంటుల పెట్టుకొని అద్దంల చూస్కో. ఏ తీరుది కావాలెనో రేపు అచ్చి చెప్పు" అన్నడు.

వాటిని మంచం మీద పెట్టి తానానికి పోయిండు. అచ్చేవరకు లేవు.

"అవ్వా, ఈడ రెండు మెత్తటియి ఉండె గదా?"

"మీ బాపు కట్టుకొని తాళ్లల్లకు పోయిండు," అన్నది తల్లి సుశీల. "మోకు ఒరుసుకుంటున్నదని నా కొడుకు దుబాయి మెత్తలు తెచ్చిండని ఎంత మురిసిండో!"

శ్రవణ్ తండ్రి కొమురెల్లి తాడిచెట్లు గీసి కల్లు తీస్తడు. చెట్టుకు, నడుముకు కలిపి చుట్టుకునే మోకుల ఎన్కకు ఒరిగితె ఆ పట్టా నడుము కింద కోస్తది. అందుకే ఆ రెంటిని తువ్వాలల పెట్టి, ఎన్కకు కట్టుకున్నడు.

శ్రవణ్ ఉరికిండు. కొమురెల్లి అప్పటికే చెట్టు మీదున్నడు.

"బాపూ, దిగు! అవి నీయి కావే!"

"మరి ఎవలియిరా?"

శ్రవణ్ చుట్టు చూసిండు. కింద కల్లుకు అచ్చినోళ్లు సగం ఊరున్నరు.

"గుండ్రంది జారుతున్నదిరా! కోలది మంచిగ కుదిరింది. గసోంటిదే ఇంకోటి తెప్పియ్యి!"

"నాకు గుడ ఓ జత చెప్పు కొమురెల్లన్నా," అన్నడు పక్క చెట్టు మీదికెల్లి రాజమల్లు.

కిందోళ్లు వీడియో తీసిండ్రు. అది నవనీతోళ్ల ఊరు తంగళ్ళపల్లి చేరింది. నవనీత తండ్రి సమ్మయ్య గుడ గీసేటాయనే. ఎంటనే ఫోన్ చేసిండు. "ఏం అల్లుడా, మామ యాదికి రాలేదా? మాకు నడుములు లెవ్వా?"

ఆ ఫోన్ పెట్టంగనే దవాఖానది అచ్చింది. కంగారుల శ్రవణ్ స్పీకర్ నొక్కిండు.

"సార్, ఏ షేపు ఫైనల్ చేసిండ్రు?"

చెట్టు దిగిన కొమురెల్లి అందుకున్నడు. "కోలయే అమ్మా. ఊరందరికి పంపుండ్రి."

"పిర్రల ఆపరేషన్ ఎంతమందికండీ?"

"ఆపరేషనా?"

అందరు శ్రవణ్ మొగం దిక్కు చూసిండ్రు. తర్వాత మెల్లగ ఎన్కకు అచ్చి చూసిండ్రు. అది గుడ వీడియోల పడ్డది.

ఇగ లగ్గం తప్పినట్టేనని శ్రవణ్ గట్టు మీద కూలవడ్డడు. ఆ వీడియో చూసి నవనీత ఫోన్ చేసింది.

"గవి నీకెందుకయ్యా?"

"నువ్వే నవ్వితివి గదా."

"నవ్వితె ఒళ్లు కోయించుకుంటవా? నువ్వేమన్న చెట్టెక్కుతవా? మా బాపుకు పంపు. నువ్వు ఉన్నది ఉన్నట్టు రా."

లగ్గంల శ్రవణ్ ప్యాంటు జోలికి పోలే, పంచె కట్టిండు.