సంపు మీద ఎర్ర ట్యాగు

ఆదివారం ఉదయం ఆరున్నరకి కొండలరావు పాత ఖాకీ ప్యాంటు తొడుక్కుని, కారుకి ఇంజిన్ ఆయిల్ తానే మారుస్తానని ప్రకటించాడు. మర్నాడు ఆనందపురంలో మరదలి కూతురి నిశ్చితార్థం. ఆలోగా బండి సిద్ధం కావాలి.

"షోరూములో ఇచ్చేస్తే పోయేదానికి ఎందుకండీ ఈ గొడవ?" అంది భార్య కామేశ్వరి, కాఫీ అందిస్తూ.

అనకూడని మాట అది. కొండలరావు స్టీల్‌ప్లాంటు లూబ్రికేషన్ సెక్షన్లో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. ఇల్లంతేసి యంత్రాలకి ఏ నూనె, ఎంత, ఎప్పుడు పొయ్యాలో ఆయన చెబితేనే పోసేవారు. రిటైరై ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఏ నూనె గురించీ, ఆఖరికి వంటనూనె గురించి కూడా ఎవరూ ఆయన్ని అడగలేదు. పైగా పోయినసారి షోరూములో మీసాలు సరిగ్గా రాని మెకానిక్ ఒకడు "మీకు తెలీదంకుల్, అక్కడ కూర్చోండి" అన్నాడు. ఆయన వెళ్ళి కూర్చున్నాడు. అలా కూర్చున్నందుకు ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

అపార్టుమెంటు సెల్లార్లోకి దిగగానే స్టీరింగుకి ఎర్ర ట్యాగు కట్టాడు. 'పని జరుగుతున్నది. ముట్టుకోరాదు.' ప్లాంటు నుంచి తెచ్చుకున్న జ్ఞాపకం అదొక్కటే. ట్యాగు ఎవరు కట్టారో వాళ్ళే విప్పాలని అక్కడి నియమం. జనరల్ మేనేజరు వచ్చినా వేలు పెట్టకూడదు. ఇక్కడ వేలు పెట్టే ఉద్దేశం ఎవరికీ లేదు, అది వేరే సంగతి.

కారు కింద దూరాలంటే ముందు చక్రాలు కాస్త ఎత్తుకి లేవాలి. చుట్టూ చూశాడు. నీళ్ళ సంపు మూతికి ఇనప కడియాలున్న రెండు రాతి పలకలు కప్పి ఉన్నాయి. రెండు చక్రాలకి రెండు పలకలు, కొలిచి చేయించినట్టు! గునపం పెట్టి వాటిని జరుపుతుంటే వాచ్‌మన్ గురువులు పరిగెత్తుకొచ్చాడు. వేట పడవ మీద మోకాలు చెడిపోయి సముద్రాన్ని వదిలేసిన మనిషి. భార్య పుష్పతో మెట్ల కింద గదిలో ఉంటాడు.

"అది సంపు మూత బాబూ! ఏటి సేత్తన్నారు?"

"అరగంట పని. నీకు తెలీదులే గురువులూ, అక్కడ కూర్చో."

గురువులు వెళ్ళి కూర్చున్నాడు.

తెరిచిన సంపు చుట్టూ కొండలరావు పద్ధతిగా ఎర్ర రిబ్బను కట్టాడు. కారుని పలకలు ఎక్కించి, కామేశ్వరి బట్టలు నానబెట్టే టబ్బు కిందికి తోసి, బోల్టు తిప్పాడు. ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ప్లాంటులో ఆఖరి ఇరవయ్యేళ్ళూ ఆయన తిప్పమని చెప్పినవాడే గాని తిప్పినవాడు కాదు. బోల్టు ఊడగానే ఆయిల్ చివ్వున టబ్బు దాటి దూకింది. కంగారుగా టబ్బు లాగితే అది చక్రానికి తగిలి బోర్లా పడింది. ఎర్ర రిబ్బను మనుషుల్ని ఆపుతుంది గాని నూనెని ఆపదు. సగం నేలపాలైంది, సగం వాలు చూసుకుని సంపులోకి దిగింది.

ఆయన కొత్త ఆయిల్ పోసి, నేల తుడిచి, పలకలు యథాస్థానంలో పెట్టాడు.

"సంపులోకి పోనాది కద బాబూ!" అన్నాడు గురువులు.

"నూనె పైన తేలుతుంది. మోటారు నీళ్ళు లాగేది అడుగు నుంచి. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక మనిద్దరం తోడేద్దాం. అందాకా నోరెత్తకు."

లెక్క తప్పు కాదు. కాకపోతే ఆ రోజు సంపులోకి కుళాయి నీళ్ళు రాలేదు. ఆదివారం కాబట్టి ఇరవై ఇళ్ళవాళ్ళూ తలంట్లు పెట్టుకున్నారు. పది గంటలకల్లా సంపులో పైనున్నదే అడుగుకి చేరింది.

మొదట అరిచింది మూడో అంతస్తు నాగవంశీ. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెత్తి మీద షాంపూ నురగతో, తువ్వాలుతో మెట్లు దిగాడు. వెనకే అసోసియేషన్ ప్రెసిడెంటు మహేశ్వరి నల్లటి బకెట్టు పట్టుకొచ్చింది. పోర్టు వైపు నుంచి గాలి వీస్తే కిటికీ ఊచలు నల్లబడే ఊరు కదా, ఇక్కడ నల్లగా ఏది కనబడినా జనం ఒకటే మాట అంటారు.

"బొగ్గు! ఇన్నాళ్ళూ ఊపిరితిత్తుల్లోకి, ఇప్పుడు నీళ్ళల్లోకి!" అంది మహేశ్వరి. పావుగంటలో కలెక్టరుకి అర్జీ తయారైంది. "పెద్దవారు, మొదటి సంతకం మీదే" అని కలం కొండలరావుకిచ్చింది. ఎనిమిది నెలల తర్వాత ఆయన సంతకం ఒకరికి అవసరమైంది. పెట్టేశాడు.

ఇంతలో నాగవంశీ సంపు మూత జరిపి చూశాడు. "మేడమ్, బొగ్గు కాదు. ఏదో ఆయిల్!"

కళ్ళన్నీ గురువులు మీదికి తిరిగాయి. పోయిన నెల అతని బావమరిది ఎల్లారావు ఆటో ఈ సెల్లార్లోనే రిపేరు చేసుకున్నాడు.

"మళ్ళీ ఆటో తెచ్చావా?" అంది మహేశ్వరి.

"నేదమ్మా. నాను కాదు." గురువులు కొండలరావు వంక చూశాడు. కొండలరావు పైన పైపుల వంక చూశాడు.

"సంపు కాపలా నీది కాక ఎవరిది? నెలాఖరుకి గది ఖాళీ చెయ్."

చీపురు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డ పుష్ప అలాగే గోడకి జారగిలబడింది. కొండలరావుకి సిగ్గేసింది. నిజంగానే వేసింది. నేనే అనడానికి నోరు తెరిచాడు కూడా. తెరిచి, గొంతు సవరించుకుని, మూసుకున్నాడు.

నాగవంశీ ఆ తెట్టుని ఫోన్‌తో ఫొటో తీశాడు. "చూడండి మేడమ్, గేర్ ఆయిల్ అంటోంది. ఆటోదే, డౌటే లేదు."

"ఎవడన్నాడు?" అన్నాడు కొండలరావు.

"ఫోన్ చెప్తోందంకుల్. మీకు తెలీదు..."

కొండలరావు అందరినీ తోసుకుని వెళ్ళాడు. బకెట్టులో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "గేర్ ఆయిలయితే గంధకం కంపు కొడుతుంది. ఏదీ కంపు? ఇది ఇంజిన్ ఆయిల్! అందులోనూ డీజిల్ ఇంజిన్‌ది, ఆ మసి చూడు. పదకొండు వేల కిలోమీటర్లు తిరిగింది. పది వేలకే మార్చాల్సింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసయ్యా నాది, నాకా చెప్తావు?"

మహేశ్వరి నెమ్మదిగా అడిగింది. "మన సెల్లార్లో డీజిల్ కారు ఎవరిదండీ?"

ఉన్నది ఒక్కటే. దాని స్టీరింగుకి ఎర్ర ట్యాగు ఇంకా వేలాడుతూనే ఉంది.

మహేశ్వరి గురువులు వైపు తిరిగింది. "నువ్వు ముందే చెప్పొచ్చుగా గురువులూ?"

"నాకేటి తెల్దు కదమ్మా! అక్కడ కూకోమన్నారు, కూకున్నాను."

గది ఖాళీ చేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తప్పయిపోయిందన్న మాటా ఎవరి నోటా రాలేదు. కొండలరావు గబగబా వెళ్ళి ట్యాగు విప్పి, సంపు పక్కన పారేసి, మెట్లెక్కి ఇంట్లోకి వచ్చి పడ్డాడు. కింద జనంలో నిలబడి అంతా చూసిన కామేశ్వరి వెనకే వచ్చి తలుపు వేసింది.

"ఎంతైనా నిజం చెప్పానా లేదా?" అన్నాడాయన.

"చెప్పారు. మనిషి మీద నింద వేస్తే ఊరుకున్నారు. నూనె మీద వేస్తే ఆగలేకపోయారు."

మధ్యాహ్నం సంపు తోడటానికి ఒక్కడే దిగాడు. గురువులు రాలేదు, ఆయనా పిలవలేదు.

మర్నాడు పొద్దున్నే ఆనందపురం బయల్దేరుతూ చూస్తే, సంపు పలక కడియానికి ఆ ఎర్ర ట్యాగు రెండు ముళ్ళేసి కట్టి ఉంది. కొండలరావు వంగి విప్పబోయి, ఆగిపోయాడు. నియమం ప్రకారం అది గురువులు విప్పాల్సిన ట్యాగు.