నాలుగు విభాగాలు, ఒక సీసా నీళ్లు

మా విజ్ఞాన సంఘం పట్టభద్రుల కోసం ప్రారంభించిన శిక్షణ పథకం మొదటి ఏడాది దిగ్విజయంగా ముగిసిందని కార్యవర్గ సభ్యుడిగా ప్రకటించడానికి సంతోషిస్తున్నాను. పథకం చాలా సులువు. మూడేసి నెలల చొప్పున నాలుగు విభాగాలు తిరగాలి. నలుగురు అధికారుల చేతా ‘తృప్తికరం’ అనిపించుకుంటే ఉద్యోగం పర్మనెంటు. ఒక్కరు పెదవి విరిచినా ఇంటికే. ఈ అదృష్టం రసాయన శాస్త్రం చదివిన ఒక అమ్మాయికి దక్కింది.

మొదట సభ్యత్వ విభాగం. చేరిన రెండో రోజే ఒక బడి పంతులమ్మ దగ్గర్నుంచి ఉత్తరం, దాంతోపాటు ఒక సీసా నీళ్లు వచ్చాయి. బడి బావి నీళ్లు పసుపు రంగుకు తిరిగాయట. పిల్లలు తాగొచ్చో లేదో చెప్పమని ప్రార్థన. అమ్మాయి సీసా పట్టుకుని గబగబా కింది అంతస్తులోని ప్రయోగశాలకు బయల్దేరింది. పాపం, కొత్త కదా. ఆ గది తాళం ప్రముఖులు చూడ్డానికి వచ్చినప్పుడే తీస్తామని ఆమెకు తెలియదు.

“ఆవిడ మన మెంబరేనా?” అన్నాడు విభాగం అధికారి, ఆమెను వెనక్కి పిలిచి.

“కాదు సార్. పిల్లలు తాగుతున్నారట సార్.”

“మెంబరు కానప్పుడు మనకేం సంబంధమమ్మా? పబ్లికేషన్స్‌కి రాసి పడెయ్.”

రాసి పడేసింది. తృప్తికరం.

పక్క గదికి ఇరవై అడుగులు. మా సంఘంలో కాగితం ఆ దూరం నడవడానికి మూడు నెలలు తీసుకుంటుంది. తొందరపాటు శాస్త్రానికి శత్రువు. అందుచేత అమ్మాయి ప్రచురణల విభాగంలో కుర్చీ లాక్కుని కూర్చున్న రోజే సీసా కూడా వచ్చి బల్లమీద కూర్చుంది. తాను రాసిన కాగితం తానే అందుకుని, అధికారి చెప్పినట్టు తనకు తానే అభ్యంతరం తెలిపింది: ఒకవైపే టైపు చేసిన మూడు ప్రతులు జతపరచలేదు కనుక బావిని పరిశీలించలేము; సభల విభాగానికి పంపడమైనది. ఇదీ తృప్తికరమే.

సభల విభాగం మాత్రం నీళ్లకు తగిన గౌరవం ఇచ్చింది. ‘జలం, జనం, విజ్ఞానం’ అని మహాసభ పెట్టి సీసాను వేదికమీద నిలబెట్టింది. “ప్రశ్నించేవాడే శాస్త్రజ్ఞుడు! సందేహించేవాడే సత్యశోధకుడు!” అంటూ అధ్యక్షులవారు గంటసేపు దంచారు. దంచీ దంచీ గొంతెండి, చేతికందిన సీసా మూత తీసి ఎత్తారు.

అమ్మో! కార్యవర్గం ఏడుగురమూ ఒక్క ఉదుటున లేచి సీసా లాగేసుకున్నాం. మోకాళ్ల నొప్పుల కార్యదర్శి అయితే బల్ల దూకాడు. తొమ్మిది నెలలుగా తేలని విషయం అర క్షణంలో తేలిపోయింది.

అమ్మాయి ఆ సాయంత్రమే పంతులమ్మకు ఉత్తరం రాయడానికి కూర్చుంది. “నీకెందుకే తల్లీ? ఇంకొక్క మూడు నెలలు కళ్లు మూసుకో” అని వాళ్లమ్మ బతిమాలింది.

“తొమ్మిది నెలలు మూసుకున్నానమ్మా. సిగ్గేస్తోంది.”

రాసేసింది: “మా అధ్యక్షులు తాగబోతే ఏడుగురు పెద్దలు లాగేసుకున్నారు. మీ పిల్లల చేత తాగించకండి.” పంతులమ్మ వెంటనే బావి మూయించి, సంఘానికి కృతజ్ఞతలు తెలుపుతూ జవాబు రాసింది. అలా బయటపడింది నేరం.

అప్పటికి అమ్మాయి పరిపాలన విభాగంలో ఉంది. సంజాయిషీ నోటీసులు టైపు చేయడం ట్రైనీ పని కనుక తన నోటీసు తానే టైపు చేసుకుంది, ఒక్క తప్పు లేకుండా. ప్రయోగం చేయకుండా నిర్ధారణకు రావడం అశాస్త్రీయమని కార్యవర్గం ఏకగ్రీవంగా తేల్చి ఆమెను ఇంటికి పంపింది. నేనూ చెయ్యెత్తాను.

ఖాళీ ప్రకటించగానే దరఖాస్తులు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి, సిఫారసు ఉత్తరాలతో సహా. “మా అబ్బాయి బుద్ధిమంతుడు, పెద్దలు చెప్పింది చేస్తాడు, ఎదురు ప్రశ్న వేసి ఎరగడు” అని మీరు రాసింది కూడా అందింది. వాడికే ఇస్తున్నాం.