గౌస్ బాషా కాలువ దూకిన వైనం

గౌస్ బాషాకు కాలువంటే భయం. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. అందరికీ తెలుసన్న సంగతి ఒక్క ఆయనకే తెలియదు.

ఇంటికీ మిరపచేనుకీ మధ్య కాలువ, దాని మీద ఒక తాటిదుంగ. భార్య నసీమున్నీసా నెత్తిన అన్నం గంప పెట్టుకుని ఆ దుంగ మీద చకచకా నడిచి పోతుంది. ఈయన మాత్రం సైకిలెక్కి, వంతెన దాకా పోయి, రెండు కిలోమీటర్లు చుట్టూ తిరిగి చేను చేరతాడు. అడిగితే వ్యాయామమంటాడు. చిన్నప్పుడు ఆ దుంగ మీంచి జారి మూడు గుటకల నీళ్లు మింగాడు, అవి ఇంకా గొంతు దిగలేదు, అదీ అసలు సంగతి.

ఈ ఏడు కోతల్లో ఓ కూలీ ఆవిడ, సాహెబు గారికి కాలువ చూస్తే చలిజ్వరమంట గదా అనేసింది. నసీమున్నీసా నవ్వలేదు గానీ కొంగు నోట్లో కుక్కుకుంది. అది బాషా కంటబడింది. ఇక పరువు నిలబడాలంటే కాలువ దాటాల్సిందే. అదీ దుంగ తొక్కకుండా, ఆమె కళ్లముందే.

ఉపాయం చెప్పింది ఇమాం హుస్సేన్, పొదిలిలో ఫంక్షన్లకు బెలూన్లు కట్టే స్నేహితుడు. షాపుల ప్రారంభాలకు ఎగరేసే ఏనుగంత బెలూన్లు రెండున్నాయి, హీలియం నింపి పట్టీలతో ఒంటికి కట్టుకుంటే ఒక్క గెంతుకి ముప్పై అడుగులు, పడినా దెబ్బ తగలదు అన్నాడు. ఒకటే చిక్కు. బెలూన్లు లేపేది అరవై ఆరు కిలోలు, బాషా అరవై. ఇంకో ఆరు కిలోలు దాటి కట్టుకుంటేగానీ మనిషి నేల మీద మిగలడు, భద్రం కోసం పన్నెండు కట్టుకోమన్నాడు.

రాళ్లు కట్టుకుంటే నడ్డి విరుగుతుందని భయం. ఇసుక కట్టుకుంటే నీళ్లలో ముంచుతుందని భయం. చివరికి కల్లంలో అప్పుడే కోసిన పండుమిరపకాయలు మెత్తగా కనబడ్డాయి. పన్నెండు కిలోలు నిక్కచ్చిగా తూచి గోతాంలో పోసుకున్నాడు.

మర్నాడు గాలి లేచింది. ఆ మర్నాడూ అంతే. గాలి తగ్గాలని పైకి అంటూ, తగ్గకూడదని లోపల దువా చేశాడు. వారం గడిచింది. గోతాంలోనే ఉంటే కుళ్లిపోతాయని నసీమున్నీసా ఆ కాయలను విడిగా ఎండబోసి, ఒక్కటి పోకుండా మళ్లీ అదే గోతాంలోకి ఎత్తింది.

ఎనిమిదో రోజు గాలి పడింది. కూలీలంతా గట్టున చేరారు. ఇమాం హుస్సేన్ బెలూన్లు నింపి, కట్టి, గట్టిగా పట్టుకున్నాడు. బాషా కాళ్లు వణుకుతుంటే అది బెలూన్ల ఊపు అని చెప్పుకున్నాడు. నసీమున్నీసా గోతాం అందిస్తూ, తేలిగ్గా ఉందయ్యా అంది. నేను తూచిందే, కాటా అబద్ధమాడుతుందా అని కసిరాడు.  పట్టీ బిగిస్తానని వెనక చేరి చాలాసేపు ఏదో కెలికింది.

ఇమాం హుస్సేన్ చేతులు వదిలాడు. బాషా కళ్లు మూసుకుని, బిస్మిల్లా అని గెంతాడు.

గెంతడం బాగానే గెంతాడు. దిగడమే లేదు. కళ్లు తెరిచేసరికి కాలువ నవారు పట్టీలా ఉంది, పక్కనే కరెంటు తీగలు బుయ్యిమంటున్నాయి.  ఇదే ఆఖరని తేలిపోయింది. నేర్చుకున్న సూరాలన్నీ మరిచిపోయాడు, ఒక్క పెళ్లాం పేరే గుర్తుంది, దాన్నే పట్టుకుని అరిచాడు.

అంతలో నడుము దగ్గర ఏదో లాగిపట్టింది. బావి చేదతాడు. రెండో కొస గట్టు మీద ట్రాక్టరు కొక్కేనికి కట్టి ఉంది. దాని పక్కనే నసీమున్నీసా నిలబడి ఉంది.

"పచ్చి మీద తూచి ఎండు మీద ఎగిరావు గదయ్యా. ముప్పై ఏళ్లుగా మిరప పండిస్తన్నావు, పన్నెండు కిలోల పండుకాయ ఎండితే ఎంతవుద్దో తెలవదా?"

నాలుగు కిలోలవుతుంది. ఆ ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

"దించవే నసీమా, నీకు పుణ్యముంటది."

"దించుతా. ముందు నిజం చెప్పు. దుంగంటే భయమా, కాదా?"

బాషా కూలీల వంక చూశాడు. కరెంటు తీగ వంక చూశాడు.

"భయమే."

"ఇనపళ్లేదు."

"భయమేనే. చిన్నప్పట్నుంచీ భయమే."

ఆమె తాడు అందుకుని చేద తోడినట్టు లాగింది. దిగింది బయల్దేరిన గట్టు మీదే. పట్టీలు విప్పుతుంటే ఆమె చేతులు వణకడం బాషా చూశాడు. దుంగ మీద గంతులేసే నీకు కూడా భయమా అని అడిగాడు.

"ఎందుకుండదు? ఇప్పుడు నువ్వు పోతావేమోనని భయం, రోజూ దుంగ మీద నేను పోతానేమోనని భయం. నువ్వట్టా సైకిలెక్కి పోతే అవతల అంతమందికి అన్నం ఎవరు పట్టుకపోతారు? భయపడే తీరిక నాకెక్కడిదయ్యా?"



మర్నాటి నుంచి గంప ఆయనే తీసుకెళ్తున్నాడు. నెత్తిన కాదు లెండి. దుంగ మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, గంప ముందు పెట్టుకుని, జానెడు జానెడు జరుగుతూ. కూలీలు నవ్వుతుంటే, నవ్వండి, అన్నం మటుకు తొణకదు అంటున్నాడు.